ఐదు రంధ్రాలు చూసి తూటాను నమ్మొచ్చా?

2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 701.1 పాయింట్లతో కాంస్యం గెలిచాడు. రజతం గెలిచిన ఇటలీ షూటర్ నికోలో కాంప్రియానీ స్కోరు 701.5. తేడా 0.4 మాత్రమే. ఆ టార్గెట్ మీద పది వలయం లోపల ఒక్కో దశాంశానికి దక్కే మెట్టు వెడల్పు పావు మిల్లీమీటరు. నారంగ్ ఫైనల్ షాట్లలో ఏదో ఒకటి కేంద్రానికి ఇంకో మిల్లీమీటరు దగ్గరగా పడి ఉంటే స్కోర్లు సమమయ్యేవి.

అంత సన్నటి తేడాల ఆట కాబట్టే రైఫిల్ షూటర్లకు తూటాల మీద అంత పట్టింపు. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే ధర ఉన్న రెండు డబ్బాలు కూడా ఒకే రైఫిల్‌లో ఒకేలా పనిచెయ్యకపోవచ్చు. అచ్చు మారినా, యంత్రం సెట్టింగ్ కాస్త కదిలినా సీసం ఆకారంలో వెంట్రుకవాసి తేడా వస్తుంది. అందుకే డబ్బా మీద బ్యాచ్ నంబరు ముద్రిస్తారు. ఎయిర్ రైఫిల్‌లో వాడే పెల్లెట్ల డబ్బాల మీదైతే పెల్లెట్ తల వ్యాసం కూడా ఉంటుంది: 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్లు ఇలా. ఏ రైఫిల్ గొట్టానికి ఏది కుదురుతుందో కాల్చి చూస్తే తప్ప తెలియదు.

తుళ్లూరు చుట్టుపక్కల ఊళ్ల నుంచి గుంటూరు, విజయవాడ కాలేజీలకు వెళ్లే పిల్లల్లో ఎన్‌సీసీ క్యాంపులో మొదటిసారి పాయింట్ టూటూ (.22) రైఫిల్ పట్టుకుని, ఆ ఇష్టంతో ఎయిర్ రైఫిల్ వైపు వచ్చేవాళ్లుంటారు. లైసెన్సు విషయంలోనూ అదే సులువైన దారి. 2016 ఆయుధాల నియమావళి ప్రకారం 4.5 మిల్లీమీటర్ల గొట్టం వ్యాసానికీ 20 జౌల్స్ శక్తికీ మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. పాయింట్ టూటూకు మాత్రం తప్పనిసరి. ఈ పిల్లలూ, వాళ్ల కోసం డబ్బు ఖర్చుపెట్టే తల్లిదండ్రులూ తూటాల పరీక్ష గురించి ఒక్క విషయం గట్టిగా తెలుసుకోవాలి. రేంజ్‌లో మామూలుగా జరిగే పరీక్షలు చాలావరకు నమ్మదగని జవాబే ఇస్తాయి.

పరీక్ష ఎలా జరుగుతుందో చూద్దాం. కుర్రాడు బల్ల మీద ఇసుక సంచి వేసి, దాని మీద రైఫిల్ ఆనించి, మొదటి డబ్బాలోంచి ఐదు పెల్లెట్లు కాలుస్తాడు. కాగితం తెచ్చుకుని, ఐదు రంధ్రాల్లో బాగా దూరంగా ఉన్న రెండింటి మధ్య స్కేలు పెడతాడు. 6 మిల్లీమీటర్లు. రెండో డబ్బాతో మళ్లీ ఐదు. 4 మిల్లీమీటర్లు. 'రెండోదే మంచిది' అని తేల్చేసి, దాన్నే మరో నాలుగు డబ్బాలు తెప్పించమంటాడు. ఇంట్లోవాళ్లు తెప్పిస్తారు.

ఇందులో పొరపాటు ఎక్కడుందంటే, ఒకే డబ్బాలోని పెల్లెట్లతో అదే కుర్రాడు ఐదేసి చొప్పున పదిసార్లు కాల్చినా, పది గ్రూపులూ ఒక కొలతలో ఉండవు. ఐదు షాట్ల గ్రూపు కొలత తన సగటుకు అటూ ఇటూ పావు వంతు ఊగడం మామూలు సంగతి. 5 మిల్లీమీటర్ల సగటున్న డబ్బా ఒకసారి 4, ఇంకోసారి 6 చూపిస్తుంది. పై పరీక్షలో రెండు డబ్బాలూ అచ్చంగా సమానమై ఉండటానికి పూర్తి అవకాశం ఉంది. గుంటూరు మిర్చి యార్డులో కొనేవాడు పై బస్తాలోంచి తీసిన ఒక్క గుప్పెడు కాయ చూసి లాటంతటికీ ధర కట్టడు కదా. నాలుగు బస్తాల్లో చెయ్యి పెట్టి, అడుగునుంచీ తీసి చూస్తాడు. ఐదు షాట్ల గ్రూపు అంటే ఆ పై బస్తాలోని గుప్పెడే.

షాట్ల సంఖ్య పెరిగేకొద్దీ గ్రూపు పెద్దదవుతుందన్నది మరో మెలిక. అదే పెల్లెట్, అదే చెయ్యి అయినా, పది షాట్ల గ్రూపు ఐదు షాట్ల గ్రూపు కంటే సగటున దాదాపు పావు వంతు పెద్దగా వస్తుంది. మూడు షాట్ల గ్రూపైతే ఇంకా చిన్నది. అందుకే ఎవరైనా మూడు రంధ్రాలు ఒకదానిమీదొకటి పడ్డ కాగితం చూపించి మురిసిపోతుంటే, ఎన్ని షాట్లని అడగాలి, ఎన్ని గ్రూపుల్లోంచి ఏరిన కాగితమని కూడా అడగాలి. అందులో అబద్ధం ఉండకపోవచ్చు. కానీ పది కాగితాల్లో బాగా వచ్చిన ఒక్కటి దాచుకుని తక్కినవి పారేస్తే, ఆ ఒక్కటి చెప్పేది అదృష్టం గురించే, తూటా గురించి కాదు.

సరిగ్గా చెయ్యాలంటే ఏం చెయ్యాలి? ఒక్కో బ్యాచ్‌కు కనీసం నలభై షాట్లు, పదేసి చొప్పున నాలుగు కాగితాల మీద. ఒక బ్యాచ్ మొత్తం కాల్చేసి రెండోది మొదలుపెట్టకూడదు. మొదటిది పది, రెండోది పది, మళ్లీ మొదటిది, ఇలా మార్చి మార్చి కాల్చాలి. లేకపోతే మధ్యాహ్నానికి చెయ్యి అలిసిపోయిన తప్పు రెండో డబ్బా మీద పడుతుంది. తూటా మార్చిన వెంటనే పడే మొదటి కొన్ని షాట్లను లెక్కలోకి తీసుకోరాదు. ముఖ్యంగా పాయింట్ టూటూలో పాత తూటా పూత గొట్టంలోంచి పోయి కొత్తది పట్టాలి. ఇక అన్నిటికంటే ముఖ్యమైంది: పెల్లెట్లను ఒక స్నేహితుడు రెండు గిన్నెల్లో పోసి, ఏది ఏ డబ్బాదో కాల్చేవాడికి చెప్పకూడదు. ఖరీదైన డబ్బా అని తెలిస్తే, తెలియకుండానే ట్రిగర్ మీద శ్రద్ధ పెరుగుతుంది.

కొలిచేటప్పుడు దూరంగా ఉన్న రెండు రంధ్రాలనే చూస్తే తక్కిన ఎనిమిదీ వృథా. గ్రూపు మధ్యబిందువు నుంచి ప్రతి రంధ్రానికీ దూరం కొలిచి సగటు తీస్తే, అన్ని షాట్లూ మాట్లాడతాయి. ఓపిక కావాలి, నిజమే. కానీ అక్కడే అసలు సమాచారం ఉంది. 'అది నా తప్పు, లెక్కలోకి వద్దు' అని షాటు తీసెయ్యాలంటే, ట్రిగర్ నొక్కిన క్షణంలోనే చెప్పాలి. కాగితం చూశాక చెప్పే మాటకు విలువ లేదు.

పాయింట్ టూటూ కథలో వేగం కూడా వచ్చి చేరుతుంది. పోటీ తూటా దాదాపు 2.6 గ్రాముల సీసం. శబ్దవేగానికి కాస్త తక్కువగా, సెకనుకు సుమారు 330 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. 50 మీటర్లు చేరేలోపు భూమి ఆకర్షణకు దాదాపు 12 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. రెండు తూటాల మధ్య వేగంలో ఒక్క శాతం, అంటే మూడు మీటర్లు, తేడా ఉంటే కాగితం మీద రెండున్నర మిల్లీమీటర్ల నిలువు తేడా. గాలి సంగతి అంతకంటే కష్టం. పక్కనుంచి సెకనుకు ఒక మీటరు వేగంతో వీచే పిల్లగాలి కూడా తూటాను ఆరేడు మిల్లీమీటర్లు జరపగలదు. ఆ దూరంలో పది వలయం వ్యాసమే 10.4 మిల్లీమీటర్లు. ఆరుబయట రేంజ్‌లో గాలి చూసుకోకుండా చేసిన పరీక్ష గాలిని పరీక్షించినట్టే అవుతుంది. ఎండలో పెట్టిన తూటా పెట్టెకూ ఇదే వర్తిస్తుంది. మందు వేడెక్కితే వేగం మారుతుంది. మే నెల కృష్ణా ఒడ్డు ఎండలో కారు డిక్కీలో పెట్టిన డబ్బాను, నీడలో ఉంచిన డబ్బాతో పోల్చకూడదు.

ఈ బాధలన్నీ తప్పించడానికే బర్మింగ్‌హామ్ దగ్గరి ఈలీ, జర్మనీలోని లాపువా పరీక్షా కేంద్రాల్లో గొట్టాన్ని కదలని బిగింపులో పెట్టి, లోపలి రేంజ్‌లో, బ్యాచ్ తర్వాత బ్యాచ్ కాలుస్తారు. అక్కడ మనిషి చెయ్యి లేదు, గాలి లేదు, మిగిలింది తూటా ఒక్కటే. అగ్రశ్రేణి షూటర్లు తమ రైఫిల్ అక్కడికి తీసుకెళ్లి, కుదిరిన బ్యాచ్‌ను ఏడాదికి సరిపడా కొనుక్కుంటారు.

మరి తుళ్లూరు కుర్రాడికి ఇదంతా అవసరమా? లెక్క వేద్దాం. చేతి వణుకు వల్లా, తూటా తేడా వల్లా రంధ్రాలు చెదిరే దూరాలు నేరుగా కూడవు. వాటి వర్గాలను కూడి, ఆ మొత్తానికి వర్గమూలం తీస్తే మొత్తం చెదురు వస్తుంది. కొత్త షూటర్ చేతి చెదురు 6 మిల్లీమీటర్లు, పెల్లెట్ చెదురు 2 అనుకుంటే, కలిపి 6.3. లోకంలోని మేలైన పెల్లెట్ తెచ్చి దాని చెదురు సున్నా చేసినా, మిగిలేది 6. వేలు ఖర్చుపెట్టి సంపాదించింది 0.3 మిల్లీమీటర్లు. అదే చెయ్యి సాధనతో 4కు దిగితే, పాత పెల్లెట్‌తోనే మొత్తం 4.5కు పడుతుంది. చేతి చెదురు కూడా 2కు చేరిన రోజు పరిస్థితి మారుతుంది. అప్పుడు తూటా వాటా సగం. నారంగ్ స్థాయి వాళ్లకు బ్యాచ్ ఎంపిక ప్రాణప్రదం కావడానికి కారణం అదే.

ఒక జాగ్రత్త మరిచిపోరాదు. పెల్లెట్ సీసం. వందల కొద్దీ ఏరి, లెక్కపెట్టి కాల్చే పరీక్షలో వేళ్లకు సీసం అంటుకుంటుంది. ఆ చేత్తో టిఫిన్ తినకూడదు. సబ్బుతో కడుక్కోవాలి. పెల్లెట్లను నోట్లో పెట్టుకోవడం అసలే వద్దు. రేంజ్‌లో రక్షణ కళ్లద్దాలూ తియ్యకూడదు.

తల్లిదండ్రులకు చెప్పేది ఇదీ: పిల్లాడు ఖరీదైన పెల్లెట్ అడిగితే వెంటనే కొనకండి, వెంటనే కాదనకండి. ఇప్పుడు వాడుతున్న దానితో నలభై షాట్ల కాగితాలు తెమ్మనండి. కోచ్‌ను పక్కన కూర్చోబెట్టి చూడండి. చెదురు ఇంకా పెద్దగా ఉంటే ఆ డబ్బు శిక్షణకు పెట్టండి. ఒకే బ్యాచ్ పెల్లెట్ మరో ఆరు నెలలు మార్చకుండా వాడనివ్వండి.