ఐటీలో తొలి ఉద్యోగానికి డెస్క్‌టాప్ పని: ఉచిత శిక్షణలో ఉన్నవారు తప్పక నేర్చుకోవాల్సినవి

ఎవరి కోసం: గ్రామీణ యువత ఉచిత నైపుణ్య శిక్షణలో కంప్యూటర్ కోర్సు తీసుకున్నవారు, తీసుకోవాలనుకుంటున్నవారు

శిక్షణ పూర్తయితే సర్టిఫికెట్ వస్తుంది. అది మిమ్మల్ని ఇంటర్వ్యూ గది దాకా తీసుకెళ్తుంది. లోపలికి వెళ్లాక మాత్రం కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి "ఇది చేసి చూపించండి" అంటారు. హెల్ప్‌డెస్క్, డేటా ఎంట్రీ, సిస్టమ్ సపోర్ట్ లాంటి తొలి ఉద్యోగాలకు ప్రోగ్రామింగ్ అంతగా అడగరు. విండోస్ మీద చెయ్యి తిరిగిందా లేదా అన్నదే చూస్తారు.

పథకం క్లుప్తంగా

దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనను 2014 సెప్టెంబర్ 25న కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ ప్రారంభించింది. మన రాష్ట్రంలో దీన్ని సీడాప్ సంస్థ అమలు చేస్తోంది. పేద గ్రామీణ కుటుంబాల్లోని 15 నుంచి 35 ఏళ్ల యువతీ యువకులు అర్హులు. మహిళలకు, దివ్యాంగులకు 45 ఏళ్ల వరకు అవకాశం ఉంది. శిక్షణకు ఫీజు లేదు. రెసిడెన్షియల్ సెంటర్ అయితే భోజనం, వసతి కూడా ఉచితమే. అన్ని సెంటర్లలో అన్ని కోర్సులూ ఉండవు కాబట్టి, చేరే ముందే "కోర్సు ఏంటి, రోజుకు ల్యాబ్ ఎన్ని గంటలు, ఒక సిస్టమ్‌కు ఎంతమంది" అని అడిగి తెలుసుకోండి.

ఫోన్ వచ్చు, మరి కంప్యూటర్?

మనలో చాలామందికి ఫోన్ బాగా వచ్చు. కానీ ఫోన్‌లో ఫోటో తీస్తే అదే గ్యాలరీలోకి వెళ్లిపోతుంది, ఎక్కడ దాచాలో మనల్ని అడగదు. కంప్యూటర్ అలా కాదు. ఫైల్‌కు ఏ పేరు పెట్టాలి, ఏ ఫోల్డర్‌లో ఉంచాలి అన్నది మనమే చెప్పాలి. కొత్తగా చేరినవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఫైల్ సేవ్ చేస్తారు, తర్వాత అది ఎక్కడుందో దొరకదు.

అందుకే మొదటి వారం ఈ పనులే చెయ్యండి. డాక్యుమెంట్స్‌లో మీ పేరుతో ఒక ఫోల్డర్, అందులో నెలకొక ఫోల్డర్ పెట్టుకోండి. ఫైల్‌ను కాపీ చెయ్యడం, కట్ చేసి వేరే చోట పెట్టడం, పేరు మార్చడం, జిప్ చెయ్యడం, పేరుతో వెతకడం నేర్చుకోండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఫైల్ పేరు చివరి అక్షరాలు, అంటే ఎక్స్‌టెన్షన్లు, కనిపించేలా సెట్టింగ్ మార్చుకోండి. బిల్లు అని పేరున్న ఫైల్ చివర డాట్ పీడీఎఫ్ కాకుండా డాట్ ఈఎక్స్‌ఈ ఉంటే అది బిల్లు కాదు, ప్రోగ్రామ్. దాన్ని తెరవొద్దు.

వేళ్లకు అలవాటు కావాల్సినవి

- విండోస్ + ఈ: ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరుచుకుంటుంది.
- విండోస్ + ఎల్: స్క్రీన్ లాక్ అవుతుంది. సీటు నుంచి లేచే ప్రతిసారీ నొక్కాలి.
- ఆల్ట్ + ట్యాబ్: తెరిచి ఉన్న ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి వెళ్లడానికి.
- కంట్రోల్ + జెడ్: ఇప్పుడే చేసిన పనిని వెనక్కి తిప్పడానికి.
- విండోస్ + షిఫ్ట్ + ఎస్: స్క్రీన్‌లో కావాల్సిన భాగం ఫోటో తియ్యడానికి.
- కంట్రోల్ + షిఫ్ట్ + ఎస్కేప్: టాస్క్ మేనేజర్ కోసం.
- విండోస్ + స్పేస్: తెలుగు కీబోర్డ్ పెట్టుకుంటే ఇంగ్లిష్ నుంచి తెలుగుకు మారడానికి.

"నెట్ రావట్లేదండీ" అని ఫోన్ వస్తే

ఇంటర్వ్యూలో బాగా అడిగే ప్రశ్న ఇది. జవాబులో వాళ్లు చూసేది వరుస. కంగారుపడి అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది చేస్తే బాగైందో మీకే తెలియదు.

1. ముందు అడగండి: మీ ఒక్కరికేనా, పక్కవాళ్లకు కూడా రావట్లేదా? అందరికీ లేకపోతే తప్పు ఈ కంప్యూటర్‌లో లేదు. వెంటనే నెట్‌వర్క్ వాళ్లకు చెప్పాలి.
2. కేబుల్ సరిగ్గా పెట్టి ఉందా, వైఫై ఆన్‌లో ఉందా, ఎయిర్‌ప్లేన్ మోడ్ ఏమైనా నొక్కారా అని చూడాలి.
3. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొట్టాలి. ఐపీ అడ్రస్ 169.254 అని మొదలైతే, ఈ కంప్యూటర్‌కు నెట్‌వర్క్ నుంచి అడ్రస్ అందలేదని అర్థం.
4. అడ్రస్ సరిగానే ఉంటే 8.8.8.8కు పింగ్ చెయ్యాలి. జవాబు వస్తోంది కానీ వెబ్‌సైట్ల పేర్లు కొడితే తెరుచుకోవట్లేదంటే, లోపం డీఎన్‌ఎస్ దగ్గర ఉండొచ్చు.
5. ఇక్కడిదాకా చూసినా తేలకపోతే పై వాళ్లకు పంపాలి. ఏమేం చూశారో, ఏ మెసేజ్ వచ్చిందో టిక్కెట్‌లో రాసి, స్క్రీన్ ఫోటో జత చెయ్యాలి.

"నెట్ పని చెయ్యట్లేదు" అని మాత్రమే రాసిన టిక్కెట్ వల్ల తర్వాతి మనిషి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. వివరంగా రాసేవారికి ఆఫీసులో తొందరగా పేరొస్తుంది.

సిస్టమ్ స్లో అయితే

టాస్క్ మేనేజర్‌లో ఏ ప్రోగ్రామ్ మెమరీ, ప్రాసెసర్, డిస్క్ ఎక్కువ వాడుతోందో కనిపిస్తుంది. దాన్ని ఆపే ముందు "మీ పని సేవ్ చేశారా?" అని అడగాలి. లేకపోతే వాళ్ల పని పోతుంది. ఇంకో విషయం. విండోస్ 10, 11లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, షట్ డౌన్ చేసి మళ్లీ ఆన్ చేసినా సిస్టమ్ పూర్తిగా కొత్తగా మొదలవదు. రీస్టార్ట్ కొడితేనే అవుతుంది. అందుకే "షట్ డౌన్ చేశానండీ" అన్నా ఒకసారి రీస్టార్ట్ చెయ్యమనాలి.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. చాలా ఆఫీసులు 11కు మారుతున్నాయి. మీ సెంటర్‌లో పాతదే ఉన్నా, 11లో సెట్టింగ్స్ ఎక్కడున్నాయో ఒకసారి చూసి పెట్టుకోండి.

ఉద్యోగం పోగొట్టే పొరపాట్లు

- ఎదుటివారి పాస్‌వర్డ్ అడగొద్దు, చెప్పినా రాసుకోవద్దు. వాళ్లనే టైప్ చెయ్యనివ్వండి.
- షిఫ్ట్ + డిలీట్ కొడితే ఫైల్ రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదు. పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు మామూలుగా తీసేసినా అంతే. ముందు కాపీ పెట్టుకుని, తర్వాతే తియ్యండి.
- అనుమతి లేకుండా సాఫ్ట్‌వేర్ ఎక్కించొద్దు, దొంగ కాపీలు అసలే వద్దు.
- రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ వాడొద్దు. మామూలు అకౌంట్ చాలు.

ఇంట్లో కంప్యూటర్ లేకపోతే

ఎక్కువమంది పరిస్థితి ఇదే, దీనికి సిగ్గుపడక్కర్లేదు. ల్యాబ్ గంటలే మీ ఆస్తి. క్లాసయ్యాక ఇంకో అరగంట ఇవ్వమని సెంటర్ వాళ్లను అడగండి. ఇద్దరిద్దరుగా కూర్చోండి. ఒకరు కావాలని చిన్న లోపం పెట్టాలి, అంటే కేబుల్ లాగెయ్యడం, వైఫై ఆపెయ్యడం, ప్రింటర్‌ను పాజ్‌లో పెట్టడం లాంటివి. ఇంకొకరు కనిపెట్టాలి. తర్వాత స్థానాలు మార్చుకోండి. రోజూ చేసింది నోట్‌బుక్‌లో రాసుకోండి. లోపం ఏంటి, ఏం చూశాను, ఏం చేస్తే బాగైంది అని మూడు లైన్లు చాలు. ఇంటర్వ్యూలో "అనుభవం ఉందా?" అంటే చెప్పడానికి ఆ నోట్‌బుక్కే పనికొస్తుంది.

పాత సిస్టమ్ ఏదైనా దొరికితే ఉబుంటు లాంటి లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు. అది ఉచితం. ఇన్‌స్టాల్ నొక్కకుండా "ట్రై" అన్నది ఎంచుకుంటే లోపలున్న విండోస్ అలాగే ఉంటుంది.

డబ్బు అడిగితే

ఈ పథకంలో సీటుకు గానీ, సర్టిఫికెట్‌కు గానీ, ఉద్యోగానికి గానీ ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు. "ల్యాప్‌టాప్ డిపాజిట్ కట్టండి, ఆఫర్ లెటర్ పంపిస్తాం" అనేవాళ్లను నమ్మొద్దు. ఇప్పటికే కట్టి మోసపోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆపించే అవకాశం అంత ఎక్కువ.

వివరాలకు మీ గ్రామ సచివాలయంలో గానీ, జిల్లా డీఆర్‌డీఏ కార్యాలయంలో గానీ అడగండి. ఈ పీడీఎఫ్‌ను మీ బ్యాచ్ గ్రూపులో, మీ సంఘం అక్కలకు పంపించండి. వాళ్ల ఇళ్లలోనూ చదువుకుని ఖాళీగా ఉన్న పిల్లలు ఉంటారు.

- జిల్లా సమాచార, పౌర సంబంధాల శాఖ