వెనక చక్రాలకు పగ్గం

నవంబరు ఉదయం. మిషిగన్‌లో మా ఇంటికి రెండు మైళ్ల దూరంలో ఒక మలుపు ఉంది. రాలిన మేపుల్ ఆకులు వానకు తడిసి రోడ్డుకు అతుక్కుపోయి ఉన్నాయి. మా అమ్మాయి పక్క సీట్లో ఉంది. రెండో గేరులో మలుపు తిరుగుతూ ఎక్సిలరేటరు కాస్త గట్టిగా తొక్కాను. వెనక భాగం పక్కకు జారింది. స్టీరింగు సరిచేసేలోపే కారు గిర్రున తిరిగి, వచ్చిన దారికేసి ముఖం పెట్టి ఆగింది. ఎదురుగా ఏ బండీ రాలేదు కాబట్టి బతికాం. కాసేపటికి అమ్మాయి అడిగింది: “నాన్నా, అమ్మ కారులో ఇలా జారకుండా ఆపేది ఉంది కదా. దీనికెందుకు లేదు?”

ఎందుకంటే ఈ కారు కట్టింది నేను. నేను పెట్టనిదేదీ ఇందులో ఉండదు.

1962లో కారల్ షెల్బీ ఇంగ్లండు నుంచి ఏసీ కంపెనీ వారి తేలికపాటి కారు తెప్పించి, అందులో ఫోర్డ్ వి8 ఇంజను పెట్టాడు. అదే కోబ్రా. ఆ పోలికలో ఉండే కిట్టు తెచ్చుకుని మూడు చలికాలాలు గ్యారేజీలో బిగించుకున్నాను. బరువు దాదాపు 1,050 కిలోలు, శక్తి 400 హార్స్‌పవర్. మన ఊళ్లలో తిరిగే ఇంచుమించు అంతే బరువున్న కార్లు 80, 90 హార్స్‌పవర్‌తో హాయిగా నడుస్తాయి. ఇక్కడ ఇంత శక్తినీ రోడ్డు మీదికి చేర్చాల్సింది రెండే రెండు వెనక టైర్లు.

మా ఊళ్లో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు చక్రం ఊరికే తిరుగుతూ గొయ్యి తవ్వుకోవడం మొదలుపెడితే, అనుభవమున్న డ్రైవరు చప్పుడు విని ఎక్సిలరేటరు వదిలేవాడు. చక్రాలు ఊరికే తిరగకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ చేసేదీ అదే, కాకపోతే సెకనులో చిన్న భాగంలో. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. టైరు అసలు జారకపోతే పట్టు ఎక్కువ ఉంటుందనుకుంటాం. నిజానికి పొడి తారురోడ్డు మీద చక్రం బండికన్నా 10, 15 శాతం వేగంగా తిరిగినప్పుడే టైరు గరిష్ఠంగా లాగుతుంది. అది దాటితే పట్టు పడిపోతుంది. కాబట్టి జారుడును పూర్తిగా ఆపకూడదు, ఆ గీత దగ్గర నిలబెట్టాలి.

నా కారుకు ఆ ఏర్పాటు నేనే చేసుకోవాలనుకున్నాను. దానికి ముందు జారుడును కొలవాలి. ముందు చక్రాల హబ్బుల్లో పళ్ల రింగుల ఎదురుగా రెండు సెన్సర్లు, ప్రొపెల్లర్ షాఫ్టు దగ్గర ఒకటి పెట్టాను. ముందు చక్రాలకు ఇంజను శక్తి అందదు కాబట్టి అవి బండి అసలు వేగాన్ని చెబుతాయి. షాఫ్టు వెనక చక్రాల వేగం చెబుతుంది. తేడాయే జారుడు. కోబ్రాకు కంప్యూటరు పెడితే అది కోబ్రా ఎలా అవుతుందని ఒక మిత్రుడు నొచ్చుకున్నాడు. కానీ 1971లోనే బ్యూక్ కంపెనీ మ్యాక్స్‌ట్రాక్ పేరుతో, ముందు చక్రం వేగాన్ని గేర్‌బాక్సు నుంచి బయటికొచ్చే వేగంతో పోల్చి స్పార్కు ఆపే పరికరం అమ్మింది. ఫార్ములా వన్ 2008లో ట్రాక్షన్ కంట్రోల్‌ను నిషేధించింది, నిజమే. అక్కడ తేల్చాల్సింది డ్రైవరు నైపుణ్యం. నా పక్క సీట్లో ఉండేది నా కూతురు.

ఇంజను జోరు తగ్గించడం ఎలా అన్నదాని మీద నేను చాలా రాత్రులు గడిపాను. థ్రాటిల్ మూస్తే మెత్తగా ఉంటుంది, కానీ అప్పటికే లోపలికి చేరిన గాలి ఖర్చయ్యేదాకా ఇంజను లాగుతూనే ఉంటుంది. స్పార్కును ఆలస్యం చేస్తే ఫలితం వెంటనే కనిపిస్తుంది. 3,000 ఆర్‌పీఎం దగ్గర వి8 ఇంజనులో ప్రతి 5 మిల్లీసెకన్లకు ఒక సిలిండరు పేలుతుంది కదా, ఆ తర్వాతి పేలుడుకే బలం తగ్గుతుంది. అయితే ఎక్కువసేపు అలా నడిపితే ఎగ్జాస్టు ఎర్రగా కాలిపోతుంది. స్పార్కు పూర్తిగా ఆపితే మండని పెట్రోలు వేడి గొట్టంలోకి పోయి అక్కడ అంటుకుంటుంది. చివరికి ముందు స్పార్కు ఆలస్యం, అది చాలకపోతే ఇంజెక్టర్లను వంతులవారీగా ఒక్కొక్కటే ఆపడం, ఇలా ఇంజను కంప్యూటరులో అమర్చాను.

తర్వాత టైర్ల లెక్క. ముందు 245/45, వెనక 315/35, రిమ్ములు 17 అంగుళాలు. కాగితం మీద రెండింటి ఎత్తూ 652 మిల్లీమీటర్లే. కానీ ఖాళీ రోడ్డు మీద క్లచ్చు తొక్కి బండిని దొర్లనిస్తే రెండు వేగాల మధ్య 1.5 శాతం తేడా వచ్చింది. అరుగుదల, గాలి, బరువు కలిసి చేసిన పని అది. 10 శాతం గీత మీద నడవాలనుకునేవాడికి 1.5 చిన్న అంకె కాదు.

అన్నీ కుదిరాయనుకున్నాక, ఎండ రోజున తిన్నని పొడి రోడ్డు మీద 4,500 ఆర్‌పీఎం దాటగానే ఇంజను తడబడింది. లాగ్ తీసి చూస్తే షాఫ్టు వేగం ఉన్నట్టుండి ఎగిరింది. ఇగ్నిషన్ కాయిల్ వైరు పక్కనే సెన్సరు వైరు లాగడం నా తప్పు. ఆ కాయిల్ విద్యుత్ కుదుపులను కంప్యూటరు పళ్లుగా లెక్కపెట్టింది. షీల్డు ఉన్న వైరు వేసి, దూరంగా తిప్పి, షీల్డును ఒక కొసనే ఎర్త్ చేశాక ఆ తడబాటు ఆగింది.

ట్రాక్ దగ్గర నీళ్లు చల్లిన జాగా అద్దెకు తీసుకుని పగలంతా తిప్పాను. పొడి నేలకు 12 శాతం, తడికి 7 శాతం కుదిరాయి. ఆ రెండింటి మధ్య మార్చుకునేందుకు డ్యాష్‌బోర్డు మీద చిన్న నాబ్ పెట్టాను. ఈ ఏర్పాటు ఇంజను జోరునే తగ్గించగలదు. ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేయలేదు. మలుపులోకి వేగంగా దూకితే కాపాడలేదు. అమెరికాలో 2012 మోడళ్ల నుంచి కార్లకు తప్పనిసరి చేసిన స్టెబిలిటీ కంట్రోల్ ఇది కాదని అమ్మాయికి బొమ్మ గీసి మరీ చెప్పాను.

వసంతంలో ఒక వాన ఉదయం అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ అదే మలుపు తిరిగాను. రెండో గేరులో నాలుగైదు సార్లు ఇంజను టపటపలాడింది, వెనక భాగం చేతి వెడల్పంత జరిగి నిలదొక్కుకుంది. తను ఫోను చూసుకుంటూ ఉంది, తల ఎత్తలేదు. వచ్చే నెల వెనక టైర్లు మార్చాలి. ఆ రోజే మళ్లీ క్లచ్చు తొక్కి తేడా కొలవాలి.