వానలో కెబెక్కు నగరము

నేనును నా భార్యయు కెనడాలోని కెబెక్కు నగరమును చూచిన రెండు దినములును వాన విడువలేదు. ఒక్క గొడుగు క్రిందనే, 1608లో షాంప్లేను వలస నెలకొల్పిన నదీతీరమునుండి కొండమీది కోటగోడవఱకు నెక్కితిమి.

కోట యుండియు 1759లో నగరము ఆంగ్లేయుల వశమయ్యెను. 1763 నాటి పారిసు సంధి దానిని స్థిరపఱచెను. మన యానామును ఫ్రెంచివారికి మరల నిచ్చినదియు నా సంధియే. మఱి కెబెక్కున ఫ్రెంచిభాష యేల నశింపలేదు? 1774 నాటి చట్టము ప్రజల మతమును, వారి పౌరన్యాయమును నిలువనిచ్చెను. చర్చియు, ఇల్లును భాషను కాపాడినవి.

వాన హెచ్చగా నొక యంగడిచూరు క్రింద నిలిచితిమి. ముసలమ్మ యొకతె ఫ్రెంచిలో పలుకరించెను. నా భార్య తెలుగుననే బదులు చెప్పెను. ఇరువురును నవ్విరి. కోట చేజాఱినను, ఇంటిలో మాట నిలిచినచో జాతి నిలుచును.