విదేశీ టూర్‌లో బండి నడుపుతారా? రూ.1,000 పర్మిట్ మర్చిపోతే బీమా సొమ్ము దక్కడం కష్టమే

ఫుకెట్‌లో దిగారు. హోటల్ పక్క సందులో వరసగా స్కూటర్లు నిలబెట్టిన షాపు కనిపించింది. పాస్‌పోర్ట్ చూపించి, రోజు అద్దె కట్టేస్తే తాళం చేతిలో పెడతారు. లైసెన్స్ ఉందా అని అడగని షాపులు చాలానే ఉంటాయి. అడగలేదంటే అక్కర్లేదనే కదా అనుకుని మీరూ బయల్దేరతారు.

అసలు సమస్య బండి జారి కాలు విరిగినప్పుడు మొదలవుతుంది. ఆస్పత్రి బిల్లు ట్రావెల్ ఇన్సూరెన్స్ కంపెనీకి పంపితే, ఆ దేశంలో ఆ బండి నడపడానికి మీకున్న లైసెన్స్ చూపించమంటారు. చెల్లుబాటయ్యే లైసెన్స్ లేకుండా నడిపితే బీమా వర్తించదన్న షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. కాబట్టి విదేశంలో స్టీరింగ్ పట్టుకునే ముందు 'పోలీసులు ఆపుతారా' అని కాదు, 'ఏదైనా జరిగితే బిల్లు ఎవరు కడతారు' అని ఆలోచించండి.

ఐడీపీ అంటే ఏంటి?

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌నే ఐడీపీ అంటారు. పేరు చూసి ఇదేదో ప్రపంచమంతా చెల్లే కొత్త లైసెన్స్ అనుకోవద్దు. మీ దగ్గరున్న లైసెన్స్‌లోని వివరాలను విదేశీ పోలీసులకు అర్థమయ్యే భాషల్లో చూపించే చిన్న పుస్తకం అంతే. ఒరిజినల్ లైసెన్స్ పక్కన లేకపోతే దీనికి విలువ లేదు. మన దేశం దీన్ని 1949 నాటి జెనీవా రోడ్డు ట్రాఫిక్ ఒప్పందం కింద ఇస్తుంది. గడువు ఏడాది. ఈలోగా మీ లైసెన్స్ గడువు ముగిస్తే పర్మిట్ కూడా అక్కడితో ఆగిపోతుంది.

ఇక్కడ ఫోన్‌కు అలవాటు పడినవాళ్లకు ఒక హెచ్చరిక. డిజిలాకర్‌లోనో, ఎం-వాలెట్‌లోనో లైసెన్స్ చూపించి హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసుల దగ్గర బయటపడొచ్చు. దుబాయ్‌లో రెంటల్ కౌంటర్ మీద అది పనిచేయదు. కార్డు ఇంట్లో బీరువాలో ఉంటే ముందు దాన్ని వెతకండి.

ఎక్కడ తీసుకోవాలి?

మీ పరిధిలోని ఆర్టీవో కార్యాలయంలో. దరఖాస్తును ఫారం 4ఏ అంటారు. రాష్ట్ర రవాణాశాఖ వెబ్‌సైట్‌లో గానీ, కేంద్రం నడిపే సారథి పోర్టల్‌లో గానీ ప్రక్రియ మొదలవుతుంది. కేంద్ర నిబంధనల ప్రకారం ఫీజు రూ.1,000, దానిపై రాష్ట్ర సర్వీసు ఛార్జీలు అదనం. లైసెన్స్, పాస్‌పోర్ట్, వీసా కాపీ, ఫొటోలు దగ్గర పెట్టుకోండి. థాయ్‌లాండ్ లాంటి చోటికి వీసా లేకుండానో, అక్కడ దిగాక తీసుకునే వీసాతోనో వెళ్తుంటే ఏం చూపించాలో కార్యాలయంలో ముందే అడగండి. ఫ్లైట్ ముందురోజు పరుగెత్తే పని పెట్టుకోకుండా రెండు వారాల ముందే తెచ్చుకుంటే మేలు.

ఇప్పటికే విదేశంలో ఉండి పర్మిట్ గడువు దాటిపోయినవాళ్లు భారత రాయబార కార్యాలయం ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు. 2021 జనవరిలో వచ్చిన సవరణతో ఈ వీలు కలిగింది.

'ఇంటి నుంచే పది నిమిషాల్లో ఇంటర్నేషనల్ లైసెన్స్, మూడేళ్ల గడువు' అనే ప్రకటనలు ఇంటర్నెట్‌లో కనిపిస్తుంటాయి. వాటి జోలికి వెళ్లొద్దు. జెనీవా పర్మిట్ గడువు ఏడాదే అని గుర్తుంటే, ఈ మూడేళ్ల మాట వినగానే సంగతి అర్థమైపోతుంది.

ఇంకోటి, ఇది మన తెలుగువాళ్లకు బాగా తగిలే చిక్కు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. పాత లైసెన్స్‌లో పొడి అక్షరం మాత్రమే ఉంటుంది. కొందరికి ఇంటిపేరు అసలే ఉండదు. రెండు కాగితాల్లో ఉన్నది ఒకే మనిషేనా అని విదేశీ కౌంటర్‌లో ఉద్యోగి అనుమానపడితే ఆయన తప్పేం లేదు. తేడా ఉంటే పర్మిట్‌కు వెళ్లేముందే లైసెన్స్‌లో పేరు సరిచేయించుకోండి.

అన్ని దేశాల్లో ఒకటే రూల్ కాదు

బ్రిటన్‌లో చుట్టపుచూపుగా వెళ్లినవారు భారత లైసెన్స్‌తోనే 12 నెలల వరకు కారు నడపొచ్చు. న్యూజిలాండ్‌లో ఈ గడువు 2025 ఫిబ్రవరి నుంచి 18 నెలలు. ఈ రెండు చోట్లా మనలాగే ఎడమవైపు ప్రయాణం కాబట్టి మొదటిసారి నడిపేవాళ్లకు సులువు. జపాన్‌లోనూ ఎడమవైపే, కానీ 1949 ఒప్పందం కింద ఇచ్చిన ఐడీపీ తప్పనిసరి. మనది అదే కాబట్టి చెల్లుతుంది.

యూఏఈలో విజిట్ వీసా మీద ఉన్నవారు ఐడీపీతో అద్దె కారు తీసుకోవచ్చు. అదే మనిషి ఉద్యోగం వచ్చి రెసిడెన్స్ వీసాకు మారితే ఆ పర్మిట్ ఇక పనిచేయదు, అక్కడి లైసెన్స్ తీసుకోవాల్సిందే. అమెరికాలో రూల్ రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కాలిఫోర్నియా సందర్శకుల సొంత దేశపు లైసెన్స్‌ను ఒప్పుకుంటుంది. రోడ్‌ట్రిప్‌లో రెండు మూడు రాష్ట్రాలు దాటేట్టుంటే ఐడీపీ కూడా ఉంచుకోవడం మంచిది. పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు ఒక మాట: అబ్బాయి కారే కదా అని తాళం తీసుకోకండి. మీరు నడిపితే ఆ కారు బీమా వర్తిస్తుందో లేదో ముందు అబ్బాయిని కంపెనీకి ఫోన్ చేసి కనుక్కోమనండి.

చైనా ప్రధాన భూభాగంలో ఐడీపీ చెల్లదు. ఇక వియత్నాం సంగతి చాలామందికి తెలియదు. ఆ దేశం 1968 నాటి వియన్నా ఒప్పందం కింద ఇచ్చిన పర్మిట్లను గుర్తిస్తుంది, మనది 1949 నాటిది. హా జియాంగ్ కొండల్లో బైక్ యాత్ర వీడియోలు చూసి ఊగిపోతున్నవారు ఈ ముక్క గుర్తుంచుకోవాలి. స్థానిక డ్రైవర్ వెనక కూర్చుని అదే దారి తిరిగే ఏర్పాటు కూడా అక్కడ దొరుకుతుంది.

కారు లైసెన్స్‌తో స్కూటర్?

ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. పర్మిట్ పుస్తకంలో వాహనాల వర్గాలు విడివిడిగా ఉంటాయి. 'ఏ' అంటే మోటార్ సైకిళ్లు, 'బీ' అంటే కార్లు. మీ భారత లైసెన్స్‌లో కారు మాత్రమే ఉంటే పర్మిట్‌లో 'బీ' ఎదురుగానే ముద్ర పడుతుంది. దాంతో ఫుకెట్‌లో స్కూటర్ నడిపితే, బీమా కంపెనీ దృష్టిలో లైసెన్స్ లేకుండా నడిపినట్టే లెక్క. ఆర్టీవో కార్యాలయం మెట్లు దిగకముందే పుస్తకం తెరిచి ఆ ముద్రలు చూసుకోండి.

కౌంటర్‌లో ఏం అడుగుతారు?

చాలా కంపెనీలు డ్రైవర్ పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలంటాయి. డిపాజిట్ కింద కొంత మొత్తాన్ని దానిపై బ్లాక్ చేస్తాయి. భార్య నడుపుతూ భర్త కార్డు ఇస్తే కుదరకపోవచ్చు. 25 ఏళ్లలోపు వారికి అదనపు రుసుము ఉంటుంది. కారుకు జరిగే నష్టానికి సీడీడబ్ల్యూ అనే రక్షణ ఇస్తారు. అది ఉన్నా ఫలానా మొత్తం వరకు మీరే భరించాలని ఒప్పందంలో ఉంటుంది, ఆ అంకె ఎంతో చదవకుండా సంతకం పెట్టొద్దు. కారు తీసుకునేటప్పుడు, తిరిగి ఇచ్చేటప్పుడు చుట్టూ వీడియో తీయండి. పాత గీతకు కొత్త బిల్లు పడకుండా కాపాడేది అదే.

మన అలవాట్లే ఇబ్బంది పెడతాయి

ఇక్కడ పోలీసులు ఆపితే దిగి వాళ్ల దగ్గరికి నడుచుకుంటూ వెళ్తాం. అమెరికాలో ఆ పని చేయకూడదు. కారు పక్కకు ఆపి, లోపలే కూర్చుని, చేతులు స్టీరింగ్ మీద కనిపించేలా ఉంచాలి. అధికారి వచ్చి అడిగాకే కాగితాలు తీయాలి. స్టాప్ బోర్డు దగ్గర రోడ్డు ఖాళీగా ఉన్నా చక్రాలు పూర్తిగా ఆగాలి. పసుపు స్కూల్ బస్సు ఎర్ర లైట్లు వెలిగించి ఆగితే, మధ్యలో డివైడర్ లేని రోడ్డుపై ఎదురుగా వచ్చే కార్లు కూడా నిలిచిపోవాలి.

యూఏఈలో కుడివైపు ప్రయాణం, కాబట్టి రౌండబౌట్‌లో ఎడమ నుంచి వచ్చేవారికి దారి ఇవ్వాలి. మద్యం తాగి నడపడంపై అక్కడ 'కాస్త పర్లేదు' అనే పరిమితే లేదు. దుబాయ్ సాలిక్ టోల్ గేట్ల దగ్గర బూత్ ఉండదు, మనిషీ ఉండడు. కింద నుంచి వెళ్లగానే డబ్బు కట్ అవుతుంది, రెంటల్ కంపెనీ తర్వాత మీ బిల్లులో కలుపుతుంది.

ఇటలీలో ఇంకో తంటా. రోమ్, ఫ్లోరెన్స్ లాంటి నగరాల పాత బస్తీల్లో అనుమతి లేని కార్లు రాకూడని ప్రాంతాలుంటాయి. వాటిని జెడ్‌టీఎల్ అంటారు. మ్యాప్ చూపించిందని లోపలికి వెళ్తే కెమెరా నంబర్ పట్టుకుంటుంది. విదేశాల్లో ఉన్నవారికి నోటీసు పంపడానికి అక్కడి చట్టం 360 రోజులు ఇస్తుంది. మీరు టూర్ ఫొటోలు కూడా మర్చిపోయాక జరిమానా కాగితం ఇంటికి రావచ్చు. వివరాలు పోలీసులకు ఇచ్చినందుకు రెంటల్ కంపెనీ వేసే రుసుము దానికి వేరే.

ప్రమాదం జరిగితే? గాయపడినవారికి సాయం అందేలా చూసి, పోలీసులకు, తర్వాత రెంటల్ కంపెనీకి, బీమా హెల్ప్‌లైన్‌కు అదే రోజు ఫోన్ చేయండి. ఎదుటివారితో అక్కడే డబ్బు మాట్లాడుకుని తేల్చుకునే ప్రయత్నం వద్దు. పోలీసు రిపోర్టు కాపీ గానీ, కనీసం దాని నంబర్ గానీ తీసుకోకుండా విమానం ఎక్కొద్దు. క్లెయిమ్ ఫారంలో ఆ గడి ఖాళీగా ఉంటే, హైదరాబాద్ వచ్చాక దాన్ని నింపడం దాదాపు అయ్యే పని కాదు.