ఫజర్ వేళ పొగ కిందే ఎందుకు ఉంటుంది? గాదంకి లేజర్ చెప్పే సంగతి

చలికాలంలో మదనపల్లెలోనో పుంగనూరులోనో ఫజర్ నమాజ్‌కి బయలుదేరిన పెద్దవాళ్లకి దారిలోనే దగ్గు మొదలవుతుంది. అదే దారిలో జొహర్‌కి వెళ్తే అంత ఇబ్బంది ఉండదు. చలి ఒక్కటే కారణం కాదు, పొగ ఎంత ఎత్తులో ఉందన్నదీ కారణమే.

ఆ ఎత్తు కొలిచే సాధనం పేరు లైడార్. చిత్తూరు-తిరుపతి దారిలో గాదంకి దగ్గర ఉన్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో, జపాన్ సహకారంతో 1998లో దీన్ని పెట్టారు. రాత్రిపూట ఆకుపచ్చ లేజర్ కాంతిని తునకలు తునకలుగా పైకి వదులుతారు. గాలిలోని దుమ్ము, పొగ, ఉప్పు రేణువులకి తగిలి ఆ కాంతిలో రవ్వంత వెనక్కి వస్తుంది. వీటినే ఏరోసాల్స్ అంటారు. కాంతి సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, సెకనులో పది లక్షల వంతు ఆలస్యంగా తిరిగొస్తే రేణువు 150 మీటర్ల ఎత్తులో ఉన్నట్టు. మసీదు గుమ్మటం కింద పిలిస్తే మాట తిరిగి వినిపిస్తుంది కదా, లెక్క అదే.

నిమిష నిమిషానికీ ఇలా కొలుస్తూ పోతే పొరలు పైకి లేవడం, కిందికి దిగడం కనిపిస్తుంది. డాప్లర్ లైడార్ అనే ఇంకో రకం, తిరిగొచ్చిన కాంతి రంగులో వచ్చే అతి సూక్ష్మమైన తేడాని బట్టి గాలి వేగం కూడా చెబుతుంది. దట్టమైన మబ్బు అడ్డం వస్తే మాత్రం లేజర్ పని చెయ్యదు.

పగలు ఎండకి నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది. పొగ కిలోమీటరు, రెండు కిలోమీటర్ల దాకా కలిసిపోయి పలచబడుతుంది. రాత్రి నేల చల్లబడగానే పైన మూత పెట్టినట్టవుతుంది. అదే పొగ కొన్ని వందల మీటర్లలో ఇరుక్కుంటుంది. నమ్మకపోతే చలికాలం తెల్లవారుజామున హార్సిలీ హిల్స్ మీద నుంచి కిందికి చూడండి, ఊళ్లపై పరిచిన బూడిదరంగు దుప్పటి కనిపిస్తుంది.

గాదంకి లేజర్ చూసేది తన నెత్తిమీది గాలినే, కుప్పం గాలిని కాదు. కానీ రాత్రి మూతపడడం, పగలు తెరుచుకోవడం కుప్పంలోనూ ఇంతే.

అందుకే చెత్త, ఎండుటాకులు మగ్రిబ్ తర్వాత గానీ తెల్లవారుజామున గానీ అంటించకండి. అసలు అంటించకపోతే ఇంకా మంచిది. తలుపులు మూసిన గదిలో లోబాన్ పొగా అంతే, కిటికీ తెరవండి. ఉబ్బసం ఉన్న దాదీ, నానీలు పొగమంచు రోజుల్లో వాకింగ్‌కి బాగా ఎండెక్కాక వెళ్లొచ్చా అని డాక్టర్‌ని అడగండి.

అన్నట్టు, నెలవంక కోసం పడమట చూసేటప్పుడు కూడా ఈ పొరే అడ్డు. అంచున ఉన్న చంద్రుడి వెలుగు నెత్తిమీది నుంచి వచ్చేదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ దుమ్ములోంచి రావాలి.