చిత్రముల బాటలు, ఉమ్మడి పనిముట్లు



హైదరాబాదునకు వచ్చిన మీలో పెక్కురు అఫ్జల్‌గంజులో బస్సు దిగియే యుందురు. ఐదవ నిజామగు అఫ్జలుద్దౌలా పేర వెలసిన యా పేట మూసీనది యొడ్డున నున్నది. నిజాము రాష్ట్ర రైల్వేవారు 1932వ సంవత్సరమున 27 బస్సులతో ఈ సీమయందు ప్రయాణికుల రవాణా నారంభించిరి. బస్సను మాటకు మూలము లాటిను భాషలోని ఆమ్నిబస్. "అందఱి కొఱకు" అని దాని యర్థము. విద్యుత్తు పని నెఱిగినవారును ఈ మాటనే గైకొని, పెక్కు తీగెలు వచ్చి కలియు ఉమ్మడి పట్టీకి బస్సని పేరిడిరి. టెలివిజన్ కంట్రోలు గదియందు స్విచ్చరను యంత్రము కలదు. దానిలో నడచునవియు నిట్టి బస్సులే. వానిని గూర్చి నేడు మనవి చేసెదను.

మూసీకి వరద వచ్చినదనుకొనుడు. హిమాయత్ సాగరము కడ నొక కెమెరా, అఫ్జల్‌గంజు వంతెనపై నొకటి, వార్తలు చదువువారి యెదుట నొకటి నిలిపిరి. ఒక్కొక్క కెమెరా చిత్రమును స్విచ్చరులో నొక అడ్డుతీగెగను, ఒక్కొక్క బస్సును నొక నిలువుతీగెగను భావింపుడు. మగ్గముపై పడుగును పేకయు కలిసినట్లు, అవి కలియు ప్రతిచోట నొక కూడలి యేర్పడును. 24 చిత్రములు, 10 బస్సులు గల యంత్రమున 240 కూడళ్లుండును. ఏ కూడలి తెఱచిన నా చిత్రము ఆ బస్సు నెక్కును. ప్రోగ్రాము బస్సుపై నున్న చిత్రమే మన యిండ్లకు చేరును. ప్రివ్యూ బస్సుపై రాబోవు చిత్రమును ముందుగా సరిచూచుకొందురు.

మనదేశమున టెలివిజన్ సెకనునకు 25 నిండు చిత్రములను పంపును. ఒక కెమెరానుండి మఱియొక కెమెరాకు మార్పు, రెండు చిత్రముల నడిమి సందుననే జరుగవలెను. లేనిచో తెర యదరును. కావున కెమెరాలన్నియు నొకే తాళమునకు నడువవలయును. దూరమునుండి తాళము తప్పి వచ్చు చిత్రమును వేఱొక పరికరము క్షణమాత్రము పట్టియుంచి, వరుసలో కలుపును.

ఇక పంపకము మాట. చెఱువునీరు పంచినకొలది తఱుగును. చిత్రమట్లు కాదు. అఫ్జల్‌గంజు కెమెరా చిత్రమును పది బస్సులకును ఒక్కమాఱే యిచ్చినను అది యిసుమంతయు తగ్గదు. కాని పనిముట్ల సంగతి వేఱు. చిత్రమును కుదించి తెరమూల నుంచు పరికరములు యంత్రమున కొన్నియే యుండును. పెద్ద స్విచ్చరులలో చిత్రములను కలుపు అరలు రెండో మూడో యుండగా, పలు యంత్రములయందు అవి యన్నియు నా కొన్ని పరికరములనే ఉమ్మడిగా వాడుకొనవలసియుండును. ఒక్క జత యెద్దులతో రెండు చేల నొక్కసారి దున్నగలమా?

ఇందలి ప్రమాదమును గమనింపుడు. చెవులు వినబడనివారి కొఱకు సైగలతో వార్త తెలుపు నొకరిని తెరమూల చిన్న చదరములో చూపుచుందురు. ఆ చదరము మొదటి యరలో కుదింపు పరికరము చేసినది. రెండవ యరలో పనిచేయువారు, వంతెన చిత్రమును ప్రక్కన పెట్టదలచి, తెలియక యా పరికరమునే తీసికొనిరనుకొనుడు. కొన్ని యంత్రములు "ఇది వాడుకలో నున్నది" యని నిరాకరించును. మఱికొన్ని చివర నడిగినవారికే యిచ్చివేయును. అపుడు సైగల చదరము మాయమగును. వినగలిగినవారికి లోటు తోచదు. వినలేనివారికో, ఒడ్డు విడిచిపొమ్మను హెచ్చరికయే అందదు. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన ఈ మూసీయే పొంగి వేలమందిని పొట్టన బెట్టుకొన్నది. ఆ పిదపనే ఉస్మాన్ సాగరము, హిమాయత్ సాగరము కట్టబడినవి. హెచ్చరిక విలువ ఆ యొడ్డునకు తెలియును.

కావున జాగ్రత్త గలవారు ప్రసారమునకు ముందే పట్టిక వ్రాసికొందురు. ఏ పనిముట్టు ఏ యరకు చెందునో, తగవు వచ్చిన నెవరిది ముందో నిర్ణయింతురు. సైగల చదరమునకు నొక పరికరమును ప్రత్యేకించి, దాని నితరులు ముట్టకుండ కట్టడి చేయుదురు. తమ యంత్రము నిరాకరించునదో, లాగికొనుటకు లొంగునదో ముందుగా పరీక్షించి తెలిసికొందురు.

పెద్దలారా, చెఱువు క్రింద నీటివంతులు నాట్లకు ముందే తీర్చు మీకు ఈ నీతి క్రొత్తది కాదు. పంచిన తఱుగనిదానిని ధారాళముగ పంచవచ్చును. ఒక్కరికే యుపయోగపడుదానికి మాత్రము వంతు ముందే యేర్పఱుపవలెను. ఆ వంతులలో, నోరెత్తి యడుగలేనివాని వంతు మొదట వ్రాయుట ధర్మము.