జుట్టు లేచి నిలబడితే తప్పు చలిదా?

దువ్వెన తగలగానే జుట్టు చిటపటలాడుతూ పైకి లేవడం, ఉన్ని టోపీ తీయగానే వెంట్రుకలు మొహానికి అతుక్కోవడం చలికాలంలో చాలామందికి తెలిసిన ఇబ్బందే. షికాగోలోనో టొరంటోలోనో రాత్రింబవళ్లు హీటరు నడిచే ఇళ్లలో ఉండే తెలుగువాళ్లకైతే నెలల తరబడి ఇదే తంతు. చలి వల్లేనని ఒకరు, ఒంట్లో నీరు తగ్గిందని ఒకరు, నూనె మానేసినందుకేనని మరొకరు అంటారు. అసలు సంగతి రెండు విషయాల్లో ఉంది. రాపిడి వల్ల వెంట్రుకపై విద్యుదావేశం పుడుతుంది. గాలి పొడిగా ఉంటే దానికి బయటికి పోయే దారి దొరకదు. ఈ రెండూ గుర్తుంటే ఏ చిట్కా పనికొస్తుందో, ఏది వృథాయో ఎవరికి వారే తేల్చుకోవచ్చు.

అపోహ 1: చలే దీనికి కారణం

వాస్తవం: కారణం చలి కాదు, పొడిదనం. చల్లటి గాలి ఎక్కువ నీటి ఆవిరిని ఇముడ్చుకోలేదు. 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఘనపు మీటరు గాలిలో సుమారు 5 గ్రాముల ఆవిరి మాత్రమే పడుతుంది. 20 డిగ్రీల దగ్గర 17 గ్రాముల దాకా పడుతుంది. బయటి గాలి ఇంట్లోకి వచ్చి వేడెక్కితే అందులోని నీరు మారదు గానీ, తేమ శాతం మాత్రం 30 లోపుకి పడిపోతుంది. అంటే హీటరు తేమను తాగేస్తుందనే మాటా నిజం కాదు. గాలిలో తగినంత తేమ ఉన్నప్పుడు వెంట్రుక పైన కంటికి కనిపించని పల్చటి నీటిపొర ఏర్పడి, ఆవేశాన్ని మెల్లగా జారవిడుస్తుంది. ఆ పొర లేకపోతే ప్రతి వెంట్రుకా ఒకే రకం ఆవేశంతో మిగిలిపోయి పక్కదాన్ని నెట్టేస్తుంది. మరి తెలంగాణలో ఏప్రిల్ మధ్యాహ్నాలూ పొడిగానే ఉంటాయి కదా, అప్పుడు ఇంతగా ఎందుకు కనిపించదని అడగవచ్చు. అప్పుడు తలకు పట్టే ఉప్పు చెమట ఆవేశానికి దారి ఇస్తుంది. పైగా ఉన్ని టోపీలు, స్వెటర్ల రాపిడి ఉండదు. విశాఖలాంటి తీరప్రాంతంలో జనవరిలోనూ ఈ బాధ అంతగా లేకపోవడానికి సముద్రపు తేమే కారణం.

అపోహ 2: ఒంట్లో లోపం ఉంది, నీళ్లు బాగా తాగితే తగ్గుతుంది

వాస్తవం: చర్మం దాటి బయటికి వచ్చిన వెంట్రుకలో ప్రాణమున్న కణాలుండవు, రక్తప్రసరణ ఉండదు. తాగిన నీరు దాని కొసకు చేరే మార్గమే లేదు. వెంట్రుకలోని తేమ చుట్టూ ఉన్న గాలి నుంచి, తలస్నానం నుంచి వచ్చేదే. అలాగైతే ఒకే ఇంట్లో ఒకరి జుట్టు ఎగిరి, మరొకరిది ఎందుకు ఎగరదన్నది న్యాయమైన ప్రశ్నే. సన్నటి, తేలికైన వెంట్రుకలను లేపడానికి కొద్దిపాటి ఆవేశం చాలు. మందంగా, బరువుగా ఉన్నవి అంత సులువుగా లేవవు. బ్లీచింగ్ వెంట్రుక పైనుండే సహజమైన కొవ్వుపొరను తొలగించి రాపిడిని పెంచుతుంది. ఇదంతా వెంట్రుక పైపొర సంగతి, రోగలక్షణం కాదు.

అపోహ 3: ప్లాస్టిక్ దువ్వెన పారేసి చెక్కది కొంటే చాలు

వాస్తవం: ఇందులో సగం నిజముంది. రాపిడిలో చాలా ప్లాస్టిక్కులు వెంట్రుకల నుంచి రుణావేశాన్ని లాక్కుంటాయి. వెంట్రుకలు ధనావేశంతో మిగులుతాయి. చెక్కతో ఈ మార్పిడి తక్కువ. లోహపు దువ్వెనను వట్టి చేత్తో పట్టుకుంటే ఆవేశం చేతి మీదుగా పోయే వీలుంటుంది. అయితే రాపిడి దువ్వెనతోనే ఆగదు. టోపీ, మఫ్లరు, పాలియెస్టర్ దిండుగలీబు కూడా రోజంతా అదే పని చేస్తాయి. అందుకే ఉన్ని టోపీకి లోపల నూలు బట్ట వేయించుకోవడం దువ్వెన మార్చినంత అవసరం.

అపోహ 4: తలనిండా నూనె పెట్టాలి, లేదా రోజూ తలంటుకోవాలి

వాస్తవం: నూనె మేలు చేస్తుందన్న పెద్దల అనుభవం తప్పు కాదు. కానీ నూనె విద్యుత్తును ప్రవహింపజేయదు, తేమను ఇవ్వదు. అది వెంట్రుకలను నున్నగా చేసి రాపిడి తగ్గిస్తుంది, ఒకదానికొకటి అంటుకునేలా చేస్తుంది. అందుకు అరచేతికి రాసుకుని కొసలకు పట్టించే రెండు మూడు చుక్కల కొబ్బరినూనె సరిపోతుంది. రోజూ షాంపూ పెడితే ఆ నునుపు కూడా పోతుంది. షాంపూ తర్వాత వాడే కండిషనర్ ఇంకా నేరుగా పనిచేస్తుంది. తడి వెంట్రుక పైపొర మీద రుణావేశం ఉంటుంది. కండిషనర్‌లోని ధనావేశపు అణువులు అక్కడ పట్టుకుని నిలిచి, ఆరిన తర్వాత కూడా రాపిడిని తగ్గిస్తాయి. నీళ్లు చిలకరించడం తక్షణ ఉపశమనమే. పొడి గదిలో అవి ఆరగానే కథ మొదటికొస్తుంది.

కాబట్టి డబ్బు పెట్టే ముందు గది గాలిని చూసుకోవాలి. తేమ శాతం చూపే చిన్న మీటరు పెట్టుకుని, హ్యుమిడిఫయర్‌తో దాన్ని 30 నుంచి 50 మధ్య ఉంచితే చాలు. చలి దేశాల్లో అంతకు మించితే కిటికీలకు నీరు పట్టి బూజు వస్తుంది; ఆ యంత్రాన్ని తరచూ కడగకపోయినా ముప్పే. గాలి కుదుటపడ్డాక కండిషనర్, ఆ తర్వాత దువ్వెన, టోపీ. ఈ వరుస పాటిస్తే ఖరీదైన సీరమ్‌ల అవసరం చాలామందికి రాదు. తన జుట్టులోనే ఏదో లోపముందని బెంగపడాల్సిన పని అసలే లేదు.